చుక్కలు లేని ముగ్గు

ఈ ఏడు సంక్రాంతికి మా వాకిట్లో నా చేతి ముగ్గు పడలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి. నెలపట్టిన దగ్గర్నుంచి తెల్లవారుజామున పెట్టే చుక్కలు, పండగ మూడు రోజులూ వీధి అవతలి దాకా పాకే మెలికలు, కనుమనాటి రథం, అన్నీ పక్కింటి కోడలికి అప్పజెప్పి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో హౌరా రైలెక్కాను. సంచిలో నాలుగు చీరలు, ఒక శాలువా, గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం, మూడు పెన్సిళ్లు.

పిలిచింది నా పాత విద్యార్థిని. పాలకొండలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల ఇప్పుడు శాంతినికేతన్ కళాభవన్‌లో బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటోంది. "మీరు పద్యం చెబుతూ బోర్డు మీద బొమ్మ గీసేవారు కదా టీచర్. ఇక్కడ ఊరంతా అదే పని. ఈ పండక్కి రండి" అంది ఫోన్లో. పద్యమూ బొమ్మా రెండూ ఒకే చేతి పనులని నమ్మి ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

హౌరాలో శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్‌లోకి మారాను. బర్ధమాన్‌లో సీతాభోగ్, మిహిదానా అమ్మేవాళ్ల కేకలు సద్దుమణిగాక మా పెట్టెలోకి ఒక బావుల్ వచ్చాడు. రంగురంగుల పేలికలు కలిపి కుట్టిన పొడవాటి అంగీ, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఏక్‌తారా. అడుగున బుర్ర, పైన చీల్చిన వెదురు, నడుమ ఒకే ఒక్క తీగ. చూడగానే నా చిన్నప్పుడు వేకువన తంబుర మీటుతూ వచ్చే తత్వాలాయన కళ్లముందు నిలిచాడు. మా అమ్మ చేటలో బియ్యం తెచ్చేలోపు బ్రహ్మంగారి తత్వం ఒకటి పూర్తయ్యేది.

బెంగాలీ నాకు రాదు. సంస్కృతం మాట తగిలిన చోట అర్థం తళుక్కుమంటుంది, మళ్లీ మసక. 'మనేర్ మానుష్' అన్న మాట మాత్రం మాటిమాటికీ తిరిగొచ్చింది. పక్క సీటు పెద్దాయన హిందీలో విడమరిచాడు. మనసులో ఉండే మనిషి అట. బావుల్ జన్మంతా వెతికేది ఆ మనిషినే. గుడి, మసీదు, కులం ఏవీ ఆ వెతుకులాటకు అడ్డు రాకూడదన్నది వాళ్ల తోవ. హిందువుల ఇళ్లలో పుట్టిన బావుళ్లూ ముస్లిం ఫకీర్లూ ఒకే పాట పంచుకుంటారు. రవీంద్రుడికి ఈ పాటలంటే ప్రాణం. 1930లో ఆక్స్‌ఫర్డ్‌లో మానవధర్మం మీద చేసిన ప్రసంగాలను పుస్తకంగా తెచ్చినప్పుడు, బావుళ్ల గురించి క్షితిమోహన్ సేన్ రాసిన వ్యాసాన్ని చివర చేర్చాడు. రైలు పెట్టెల్లో చెయ్యి చాచి పాడుకునేవాళ్ల తత్త్వాన్ని అంత పెద్ద వేదిక మీదికి తీసుకువెళ్లిన మనిషి ఊరికి వెళ్తున్నానని అప్పుడు మరింత గట్టిగా తెలిసింది.

అతను పాడుతుంటే గబగబా గీశాను. పాట అయ్యాక వచ్చి నా పక్కనే కూర్చుని పుస్తకం అడిగి తీసుకున్నాడు. కాసేపు చూసి, తీగ గీశారు గాని అది మోగడం లేదు అన్నాడట. పెద్దాయన చెప్పేలోపే నా పెన్సిల్ తీసుకుని తీగ పక్కన సన్నటి వణుకుగీత ఒకటి లాగాడు. నిజమే, ఆ గీతతో బొమ్మలో చప్పుడు పుట్టింది. నా పుస్తకంలో మొదటి పేజీ మీద మొదటి పరాయి చెయ్యి అది. రైలు అజయ్ నది వంతెన దాటుతోంది. కింద నీళ్లకంటే ఇసుకే ఎక్కువ, మన నాగావళి వేసవిలో ఉన్నట్టు.

బోల్పూర్‌లో దిగితే పిల్ల ఎదురొచ్చింది. బ్యాటరీ రిక్షాని ఇక్కడ టోటో అంటారు. దాని మీద ఆమె ఉండే ఇంటికి చేరేసరికి మంచు దిగిపోయింది. ఇంటివాళ్లమ్మ నోట్లో పెట్టిన మొదటి ముద్ద నొలెన్ గుడ్, అంటే కొత్తబెల్లం. మనం కల్లుకే వాడుకునే ఈతచెట్టు నీరాని వీళ్లు చలికాలంలో కాచి బెల్లం చేస్తారు. దాంట్లో పొగవాసన, పువ్వు వాసన రెండూ ఉన్నాయి. బియ్యప్పిండి, ఆ బెల్లం, కొబ్బరి కలిపి చేసే పిఠేలు ఈ పండక్కి వాళ్ల అరిసెలు.

మర్నాడు మనకు భోగి. తెల్లవారకముందే అలవాటుగా మెలకువ వచ్చి బయటికి వస్తే, ఇంటివాళ్లమ్మ గడపలో కూర్చుని ఉంది. చిన్న గిన్నెలో నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, అందులో గుడ్డపేలిక. పేలికను అరచేతిలో పట్టుకుని నొక్కితే పిండినీళ్లు ఉంగరపు వేలి మీదుగా జారి నేల మీద గీతవుతాయి. అదే ఆల్పన. తీగ సాగుతోంది, ఆకు తొడుగుతోంది, మలుపు దగ్గర వరికంకి వేలాడుతోంది. నేను వెతికింది చుక్కల కోసం. చుక్కలు లేవు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోతున్నారు, కొలత ఏది అని సైగలతో అడిగాను. ఆమె నవ్వి తన వేలు చూపించింది.

పదిహేను చుక్కల వరసలు, అవి ఎనిమిదికి తగ్గడం, లెక్క తప్పితే మెలిక మూసుకోకపోవడం, ఇవి నా రక్తంలో ఉన్నాయి. చుక్క మనకు వాగ్దానం లాంటిది. గీత ఎక్కడికి పోయినా ఇక్కడికే తిరిగి రావాలి. ఈమె గీతకు ముందుగా ఏ ఒప్పందమూ లేదు, అయినా తప్పిపోలేదు. ఇంటింటి ఆడవాళ్ల చేతిలోని ఈ పనిని శాంతినికేతన్ చదువులో భాగం చేసింది నందలాల్ బోస్, ఆయనతో పాటు సుకుమారీ దేవి. ముగ్గు వెయ్యడాన్ని చిత్రకళగా గౌరవించిన విద్యాలయం ఒకటి ఉందని మా అమ్మకు తెలిసి ఉంటే ఎంత మురిసిపోయేదో.

ఊరి కథ క్లుప్తంగా చెబుతాను. 1863లో రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఇక్కడ కొంత ఎర్రనేల తీసుకుని ఆశ్రమం పెట్టాడు. ఆయన ధ్యానం చేసిన ఛాతిమ్ చెట్ల నీడ ఇంకా పవిత్రమే. ఛాతిమ్ అంటే సప్తపర్ణి, మన ఏడాకుల పాల. చదువు ముగించినవాళ్లకు పట్టాతో పాటు ఆ ఏడాకుల రెమ్మ చేతికివ్వడం ఇక్కడి ఆచారం. 1901లో రవీంద్రుడు ఐదుగురు పిల్లలతో బడి తెరిచాడు. 1921లో అది విశ్వభారతి అయింది. లోకమంతా ఒకే గూట్లో చేరే చోటు కావాలన్నది ఆయన కోరిక. 2023లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పాత ఆవరణలోకి వేళ చూసి, అడిగి వెళ్లాలి. పిల్ల వెంట ఉండబట్టి నాకు పని సులువైంది.

ఇక్కడ గురువులను సార్ అనరు. పేరు చివర 'దా' అంటారు, అన్నయ్య అన్నట్టు. ఆడవాళ్లయితే 'ది'. శిల్పి రామ్‌కింకర్ బైజ్ అందరికీ కింకర్‌దా. ఒక్క నందలాల్ మాత్రం మాస్టర్‌మశాయ్. 1922 నుంచి 1951 దాకా కళాభవన్‌ని నడిపినాయన. మన రాజ్యాంగం మూలప్రతి పుటల్ని బొమ్మలతో అలంకరించింది ఆయనా ఆయన శిష్యులే. జేబులో చిన్న కార్డుముక్కలు పెట్టుకుని దారిన కనిపించిన మేకనీ తాటిచెట్టునీ బండినీ అక్కడికక్కడే గీసేవాడు. స్నేహితులకు, శిష్యులకు ఉత్తరాల బదులు అవే పంపేవాడు. పోస్టుకార్డంత జాగాలో ఊరి బతుకు మొత్తం పట్టించడమంటే నాలుగు పాదాల పద్యం రాయడమే.

కళాభవన్ ఆవరణలో 'సాంథాల్ పరివార్' ముందు గంటన్నర కూర్చున్నాను. రామ్‌కింకర్ 1938లో చేశాడు. సిమెంటులో ఇక్కడి ఎర్రకంకర కలిపి ఇనుప చట్రం మీద విసిరి విసిరి నిలబెట్టిన మనుషులు. మామూలు మనిషి కంటే ఎత్తు. భర్త భుజాన కావడి ఉంది. ఒక తట్టలో పసివాడు, రెండో దాంట్లో సంసారం. భార్య చంకలో ఇంకో బిడ్డ. పక్కనే కుక్క. ఊరు విడిచి పనికోసం పోతున్నారు. ఎవరి ముఖంలోనూ ఏడుపు లేదు, నడక ఉంది. దేశంలో రాజుల్నీ దొరల్నీ మాత్రమే నిలువెత్తు విగ్రహాలుగా పెట్టే రోజుల్లో, బాంకుడా మంగలి కుటుంబంలో పుట్టిన ఒక యువకుడు వలసపోయే సాంథాల్ కూలీలకు ఆ ఎత్తు ఇచ్చాడు.

గీస్తుండగా చెయ్యి ఆగింది. ఈ కుటుంబాన్ని నేనెరుగుదును. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఏ రాత్రి చూసినా ఉంటారు. చెన్నైకో విజయవాడకో పోయే రైలు కోసం, బియ్యం మూటా ప్లాస్టిక్ బిందే చుట్టూ పెట్టుకుని, నిద్రపోయే బిడ్డను ఒళ్లో వేసుకుని. ఇన్నేళ్లలో వాళ్లను ఒక్కసారీ గీయలేదు. గీయడమంటే తేరిపార చూడాలి, నేను చూపు తప్పించుకుని వచ్చేశాను. పేజీ కింద ఆ మాటే రాసుకున్నాను. పద్యంగా కుదిరితే ఎప్పుడో కుదురుతుంది.

సాయంత్రం హిందీ భవన్‌కి వెళ్లాం. ఈ ప్రయాణంలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఆ గది. లోపల మూడు గోడల మీద పైభాగమంతా బినోద్ బిహారీ ముఖర్జీ వేసిన కుడ్యచిత్రం, 'మధ్యయుగ సాధువులు'. ఒక కన్ను ఆయనకు చిన్నప్పటి నుంచే కనిపించదు. రెండోదానికి దగ్గర వస్తువు తప్ప ఆనదు. ఆ కళ్లతో మంచె మీద నిలబడి, తడి సున్నం ఆరేలోపు ఆ రోజు భాగం పూర్తి చెయ్యాల్సిన పద్ధతిలో, గోడంత నమూనా ముందుగా కాగితం మీద గీసుకోకుండా వేశాడు. దూరం జరిగి మొత్తం ఎలా వస్తోందో చూసుకునే వీలు లేదు. చుక్కలు లేని ముగ్గే ఇది, గోడల నిండా. సాయం పట్టిన శిష్యుల్లో కె.జి. సుబ్రమణ్యన్ ఒకడు.

మూడు గోడలూ కలిసి ఒక నదిలా పారతాయి. దక్షిణాన గుడిగోపురాల నడుమ రామానుజులు ఉన్నారు. సాగుతూ పోతే మగ్గాల సందడి, అక్కడ కబీరు. మరోచోట తులసీదాసు, సూరదాసు, ఇంకా ముందుకు పోతే గుర్రం మీద గురు గోవింద్ సింగ్. సాధువులు పొడవుగా, స్తంభాల్లా నిలుస్తారు. చుట్టూ చిన్నచిన్న మనుషులు నేస్తున్నారు, మోస్తున్నారు, పిల్లల్ని ఎత్తుకుంటున్నారు, వింటున్నారు. ఏ కవీ ఒంటరిగా లేడు. వాళ్లలో చాలామంది కవులే కదా. ఒకరు అవధిలో, ఒకరు వ్రజభాషలో, ఒకరు బజారుమాటలో. భాషలు వేరైనా జనం ఒకరిలోంచి ఒకరిలోకి ప్రవహించినట్టు గోడ మీద ఎక్కడా సరిహద్దు తెగదు.

ఆయన దీన్ని వేసింది 1946-47లో. కలకత్తా వీధుల్లో హిందువులూ ముస్లిములూ ఒకరినొకరు నరుక్కున్న ఏడాది, దేశం రెండు ముక్కలైన ఏడాది. ఇక్కడికి రైలుదూరంలో ఊళ్లు తగలబడుతుంటే, సరిగా కనిపించని ఒక మనిషి తడిగోడ మీద కబీరు మగ్గాన్ని గీస్తున్నాడు. దీన్ని తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ తర్వాత పదేళ్లకు ఆయన చూపు పూర్తిగా పోయింది. అయినా కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు. కళాభవన్ గోడకు పెంకుల కుడ్యచిత్రం చేశాడు. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద సినిమా తీశాడు.

కబీరు మగ్గాన్ని నా పుస్తకంలోకి దించుకుంటూ పక్కన కొంత చోటు వదిలాను. ఈ నదిలో మన వేమన ఉంటే ఎక్కడ కూర్చునేవాడు? అన్నమయ్య? బహుశా గోపురాల దాకా వచ్చి, మగ్గాలు మొదలయ్యే మలుపులో. ఆ ఖాళీలో గొంగళి కప్పుకున్న మనిషినొకణ్ణి గీసి తెలుగులో పేరు రాశాను. పిల్ల తొంగిచూసి, "గోడ మీద చోటు లేదు గాని మీ కాగితం మీద బాగానే ఒదిగాడు టీచర్" అంది.

పక్కనే చీనా భవన్. 1937లో రవీంద్రుడు, తాన్ యున్‌షాన్ అనే చైనా పండితుడు కలిసి నిలబెట్టారు. 1939-40లో షూ బీహాంగ్ అనే చైనా చిత్రకారుడు ఇక్కడికి వచ్చి ఉన్నాడు. రవీంద్రుణ్ణి గీశాడు. గాంధీ వచ్చినప్పుడు ఆయన్నీ గీశాడు. చైనా కుంచె, బెంగాలీ కవి గడ్డం, ఒకే కాగితం.

తెలుగువాళ్లకూ ఈ గూట్లో చోటు దొరికింది. పిఠాపురం వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రిని రవీంద్రుడు పిలిపించుకుని వీణ వినిపించుకున్నాడు. బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడ చదువుకుని, రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చాడు. రవీంద్రుడు మన దగ్గరికి రావడమూ ఉంది. 1919లో మదనపల్లెలో కూర్చునే జనగణమనను ఇంగ్లీషు చేశాడు. 1933లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనిషి గురించి ప్రసంగాలిచ్చాడు.

రవీంద్రుడు ఉన్న ఇళ్ల ఆవరణ ఉత్తరాయణ్‌లో ఆయన రాతప్రతుల ప్రతిరూపాలు చూశాను. పద్యంలో నచ్చని మాట కొట్టేస్తాడు. ఆ కొట్టివేతలు పేజీలో అక్కడక్కడా గాయాల్లా కనిపిస్తాయి. వాటిని ఒకదానితో ఒకటి గీతలతో కలిపితే ముక్కు వస్తుంది, రెక్క వస్తుంది, పేరులేని జంతువొకటి తలెత్తుతుంది. 1924లో అర్జెంటీనాలో జబ్బుపడి ఉన్నప్పుడు 'పూరబి' పద్యాల పుస్తకం నిండా ఇలాంటివే. అతిథిగా ఉంచుకున్న విక్టోరియా ఒకాంపో అవి చూసి ముచ్చటపడింది. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరగడానికి ఆమే పూనుకుంది. అరవై దాటాక మొదలుపెట్టి రెండువేలకు పైగా బొమ్మలు వేశాడు. పనికిరాదని కొట్టేసిన మాటల్లోంచి పుట్టిన బొమ్మలు. తప్పు రాసిన చోట ఎర్రసిరాతో సున్నా చుట్టడం తప్ప నేను నా విద్యార్థులకు ఏం చేశాను అని ఆ అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడిపోయాను.

సంక్రాంతి రాత్రి జయదేవ్ కెందులి. ఇలంబజార్ అడవి మీదుగా అద్దెకారులో వెళ్లాం. అజయ్ ఒడ్డున ఊరు. 'గీతగోవిందం' రాసిన జయదేవుడి పేరు మీద మకర సంక్రాంతికి ఇక్కడ మేళా జరుగుతుంది. జనం తెల్లవారుజామున నదిలో మునుగుతారు, రాత్రంతా బావుల్ పాటలు వింటారు. ఒడిశావాళ్లు ఆయన మా కెందులి వాడే అంటారు. ఇద్దరు అమ్మలు ఒక బిడ్డను నా బిడ్డంటే నా బిడ్డని చేతులు చాచడం నాకు ముద్దుగానే ఉంది. రాధావినోద్ గుడి 1683 నాటిది. కాల్చిన మట్టిపలకల మీద రామాయణ ఘట్టాలు. లాంతరు వెలుగులో ఒక కోతిని గీయగలిగాను.

మైదానమంతా గుడారాలు, వాటిని ఆఖ్‌డా అంటారు. నేల మీద గడ్డి పరిచారు. ఎవరొచ్చినా కిచిడీ పెడుతున్నారు. పెద్ద గుడారాల్లో మైకులు ఒకదాన్నొకటి మింగుతున్నాయి. నది వైపు నడిచి, మైకు లేని చిన్న గుడారం దొరకబుచ్చుకుని కూర్చున్నాం. నడివయసు దాటిన బావుల్ స్త్రీ ఒకామె దుబ్‌కీ వాయిస్తూ పాడుతోంది. అరచేతిలో పట్టే డప్పు అది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం మొద్దుబారి ఉంది. ముఖం వదిలేసి ఆ వేళ్లే గీశాను, వాటి వణుకుతో సహా. రైల్లో నేర్చుకున్నది మరిచిపోలేదు.

ఎక్కడి నుంచి వచ్చావని అడిగారు. చెప్పాం. ఏదైనా పాడమన్నారు. మా ఊరి భజన మందిరంలో నేర్చుకున్న అష్టపది ఒకటి పాడాను, మన రాగంలో, మన తాళంలో. రెండో మాటకే గుడారంలో కదలిక పుట్టింది. మాటలు వాళ్లవి, బాణీ ఎన్నడూ విననిది. మూల కూర్చున్న ముసలాయన ఏక్‌తారా అందుకుని నా వెనక నెమ్మదిగా మీటడం మొదలెట్టాడు. ఈ ఒడ్డున రాసిన పాట కూచిపూడి నర్తకి కాళ్లలోకీ మా ఊరి శనివారం భజనలోకీ చేరి, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఇలా యాస మార్చుకుని ఇంటికి వస్తే, వాళ్లు పోల్చుకున్నారు.

తర్వాత ఆమె ఇక్కడి కథ చెప్పింది, మనకూ తెలిసిందే. జయదేవుడు ఒక పాదం దగ్గర ఆగిపోయాడు. దేవుడి నోట అంత మాట పలికించడానికి చెయ్యి రాక తాళపత్రం వదిలి నదికి స్నానానికి పోయాడు. తిరిగొచ్చేసరికి పాదం పూర్తయి ఉంది. ఆయన రూపంలో కృష్ణుడే వచ్చి రాసి, ఆయన భార్య పద్మావతి పెట్టిన అన్నం తిని వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ విన్న కథే అయినా ఆ నది పక్కన, ఆ చలిలో, నాకు కొత్తగా వినిపించింది. కవి తన పుస్తకం మూసి వెళ్లలేదు, తెరిచి వెళ్లాడు.

తెల్లారి తిరిగి వస్తూ సోనాఝురి అడవి సంతలో ఆగాం. కాంథా కుట్టు చీరలు బాగున్నాయి. పాత చీరల పొరలు కలిపి దారంతో కథలు కుట్టే ఆ పని మన బొంతకు చదువుకున్న చెల్లెలు. కాని అక్కడ నన్ను బాధపెట్టిన దృశ్యమూ ఉంది. సాంథాల్ స్త్రీలు తలమీద చెంబులు పెట్టుకుని, చేతులు పెనవేసుకుని ఆడుతున్నారు. వచ్చినవాళ్లు మధ్యలో దూరి ఫోటో తీసుకుని, ఇరవై రూపాయలు పరిచిన గుడ్డ మీద వేసి, పాట ముగియకుండానే పోతున్నారు. ఆ డబ్బు వాళ్లకు అక్కరే, దాన్ని నేను తప్పుపట్టను. పాట చివరిదాకా నిలబడలేని తొందర మాత్రం తప్పే. మేం చివరిదాకా నిలబడ్డాం.

మధ్యాహ్నం ఖోయాయ్ ఎర్రగట్లు దాటి ఒక సాంథాల్ పల్లెకు వెళ్లాం. మనకు ఆ రోజు కనుమ, వాళ్లకు సొహ్రాయ్. పశువుల పండగ. తేదీ ఊరిపెద్ద మాఝీ చెబుతాడు, అందుకే ఊరూరికీ మారుతుంది. ఆ ఊళ్లో పండగ ఇంకా సాగుతోంది. ఎడ్ల కొమ్ములకు నూనె రాసి ఉంది. తమాక్, తుమ్‌దాక్ డప్పులు ఎక్కడో మోగుతున్నాయి. కొమ్ములకు పసుపు రాసి, మెడలో గారెలదండ వేసే మా నాన్న చేతులు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

ఇళ్లు మట్టివి. పండక్కి కొత్తగా అలికిన గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి. కింద నల్లపట్టీ, పైన ఎర్రమట్టి, ఆ పైన తెల్లది. నిలబడి గీస్తుంటే ఒక ఇంటి అరుగు మీంచి పదో తరగతి పిల్ల దిగి వచ్చి, బొమ్మ చూసి, నవ్వి, పెన్సిల్ అడిగింది. బొమ్మ పక్కన తన పేరు రాసింది. ఓల్ చికి లిపి. 1925లో పండిత్ రఘునాథ్ ముర్ము సాంథాలీకి చేసిచ్చిన అక్షరాలు, మొత్తం ముప్పై. అంతకుముందు వేల పాటలున్న ఆ భాషకు తనదైన రాత లేదు. పిల్ల ఒక్కో అక్షరం రాసి, పక్కన దాని బొమ్మ వేసి చూపించింది. ఇది నాగలి. ఇది కొడవలి. ఇది పుట్టగొడుగు. అక్షరాలకు పొలంలోంచి అడవిలోంచి రూపాలు తెచ్చాడట ముర్ము. పద్యానికీ బొమ్మకీ మధ్య గోడ లేదని ముప్పై ఏళ్లు నేను మాటల్లో చెప్పినదాన్ని ఆ పిల్ల ఒక పేజీలో చూపించింది. 2003లో సాంథాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి ఎక్కింది. 2005 నుంచి సాహిత్య అకాడమీ బహుమతులు అందుకుంటోంది. ఆ పిల్లకు ఈ సంగతులన్నీ నాకంటే ముందే తెలుసు. వాళ్ల బళ్లో పద్యాలు ఈ లిపిలోనే చదువుతారు. ఒకటి గడగడా ఒప్పజెప్పింది. అర్థం చెప్పమని నేను అడగలేదు. గుక్కతిప్పుకోవడానికి ఆగే చోట్లు, వరస చివర గొంతు కిందికి దిగే తీరు, అవి చాలు ఆ పూటకు.

నా భాష రాసి చూపించమంది. తెలుగులో ఆమె పేరు రాశాను. గుండ్రాలు చూసి, మీ అక్షరాలన్నీ కుండలే అంది. మా తలకట్టును వేలితో తడిమింది.

పొద్దు వాలుతుండగా వాళ్లమ్మ వాకిలి మళ్లీ అలికింది. ఆ తడినేల చూశాక చేతులు ఊరుకోలేదు. కనుమ రోజు. బియ్యప్పిండి కాస్త ఇమ్మని పిల్లతో అడిగించాను. పిఠేల కోసం దంచిన పిండి గుప్పెడు తెచ్చి పోసింది. వంగి రథం ముగ్గు వేశాను. చక్రాలు రెండు, నడుమ గుడి, పైన జెండా. చుక్కలు పెట్టలేదు. ఊరి పిల్లలంతా చుట్టూ చేరారు. రథానికి తాడు వేస్తూ, మా ఊళ్లో ఈ తాడు పక్కింటి ముగ్గు దాకా లాగుతామని, అక్కణ్ణించి వాళ్లు అందుకుంటారని, అలా వీధి చివరిదాకా పోతుందని నా విద్యార్థిని బెంగాలీలో చెబితే పిల్ల సాంథాలీలో వాళ్లమ్మకు చెప్పింది.

గుప్పిట్లో పిండి వాకిలి చివర అయిపోయింది. పక్కింటి గడప ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. ఆమె లోపలికి వెళ్లి, గోడలకు వాడే తెల్లమట్టి నీళ్లు చిప్పతో తెచ్చింది. నా తాడు ఆగిన చోట మూడు వేళ్లు ముంచి పెట్టి, వెనక్కి నడుస్తూ లాగడం మొదలెట్టింది. నేను ఒంటి గీతగా వేసిన తాడు ఆమె చేతిలో మూడు గీతలైంది. పక్కింటి ఆవిడ తన గుమ్మంలో చేతిపని ఆపి, తలుపు బార్లా తెరిచి నిలబడింది.